మీకు తెలుసా? బీదర్ కంచంలో మూడు రాష్ట్రాలు

అమెరికా అంతటా మెక్‌డొనాల్డ్స్ ఒక్కటే. కానీ హవాయి దీవుల్లో అదే మెక్‌డొనాల్డ్స్ పొద్దున పూట అన్నం, గుడ్డు, స్పామ్ అనే డబ్బా మాంసం పెడుతుంది. జార్జియాలో 1955లో పుట్టిన వాఫిల్ హౌస్ గొలుసు హోటళ్లలో మక్క రవ్వతో కాచిన గ్రిట్స్ జావ ఉండాల్సిందే. ఈ వాఫిల్ హౌస్ రాత్రీ పగలూ మూయదు. తుపాను వచ్చినప్పుడు అది తెరిచి ఉందా, మెనూ తగ్గించిందా, తలుపులు మూసిందా చూసి నష్టాన్ని అంచనా వేసే అలవాటు అక్కడి విపత్తు నిర్వహణ అధికారుల్లో ఉంది. ఊరు మారితే తిండి మారడం చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. జహీరాబాద్‌లో బస్సెక్కితే సుమారు 30 కిలోమీటర్లలో బీదర్ వస్తుంది.

● 1956 నవంబరు 1 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా. ఆ రోజున దాన్ని మూడు రాష్ట్రాలకు పంచారు. జహీరాబాద్, నారాయణఖేడ్ మన అప్పటి మెదక్ జిల్లాలో కలిశాయి. ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ అప్పటి బొంబాయి రాష్ట్రానికి పోయాయి, ఇప్పుడవి మహారాష్ట్రలోని లాతూరు జిల్లాలో ఉన్నాయి. బీదర్, హుమ్నాబాద్, భాల్కి, ఔరాద్ మైసూరుకు, అంటే ఇప్పటి కర్ణాటకకు దక్కాయి. వంటిళ్లకు మాత్రం ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. మూడు వైపులా పల్లెల్లో తినేది జొన్నరొట్టే, నంజుకునేది పల్లీల పొడే.

● జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే జిగురు ఉండదు. అందుకే మరిగే నీళ్లు పోసి, చెయ్యి చుర్రుమంటుండగానే పిసకాలి. లేకపోతే రొట్టె అంచులు పగులుతాయి. చపాతీ కర్రతో పని లేదు, పొడిపిండి చల్లుకుని అరచేత్తో తడుతూ తిప్పుతూ పెంచాలి. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో తుడుస్తారు, తిరగేసి కాల్చి చివర్లో నేరుగా మంట మీద పొంగిస్తారు. బాగా ఆరబెట్టిన ఖడక్ రొట్టె అప్పడంలా విరుగుతుంది, రోజుల తరబడి చెడదు.

ఉత్తర కర్ణాటకలో ఈ భోజనం దొరికే చోటు ఖానావళి. బీదర్ నుంచి బెళగావి దాకా ఏ ఊళ్లో కూర్చున్నా కంచంలో ఇంచుమించు అవే వస్తాయి: రొట్టె, నూనె వంకాయ, మొలకెత్తిన గింజల కూర, శేంగా చట్నీ అనే పల్లీల పొడి, పచ్చి ఉల్లిపాయ, పెరుగు. దీని వెనక కంపెనీ లేదు, ఫ్రాంచైజీ లేదు. శాకాహారమైతే లింగాయత్ ఖానావళి. మాంసం కావాలంటే హుబ్బళ్లి వైపు సావజీ ఖానావళి ఉంటుంది. సావజీ కారం ముందు గుంటూరు వాళ్లు కూడా కాస్త తగ్గి మాట్లాడటం మంచిదని నా సలహా.

● కర్ణాటక రేషన్ దుకాణాల్లో బియ్యంతో పాటు దక్షిణ జిల్లాలకు రాగులు, ఉత్తర జిల్లాలకు జొన్నలు ఇచ్చే పద్ధతి ఉంది. ముద్ద తినే సీమ, రొట్టె తినే సీమ వేరని సర్కారు కూడా ఒప్పుకున్నట్టే.

● అనంతపురం, కర్నూలు వాళ్ల ఉగ్గాణి మీకు తెలిసే ఉంటుంది. బొరుగులు తడిపి పిండి, ఉల్లిపాయ పచ్చిమిర్చి తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గాణే కాదంటారు. అదే బొరుగుల తాలింపు ఉత్తర తెలంగాణలో సుశీల, బీదర్, లాతూరు వైపు సుస్లా. దావణగెరె వాళ్లు మండక్కి పక్కన మిర్చి పెడతారు.

● దక్షిణ భారతంలో అన్నిటికంటే పెద్ద గొలుసు హోటల్‌కు యజమానే లేడు. అదే ఉడుపి హోటల్. బోర్డు మీద ఆ పేరు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా బీదర్‌లో కూర్చున్నా, ముంబైలో కూర్చున్నా ఏం తెచ్చి పెడతారో మనకు ముందే తెలుసు. ఉడుపి పద్ధతి సాంబారులో బెల్లం పడుతుంది. పచ్చిపులుసు మీద పెరిగిన నాలుకకు ఆ తీపి ఒక పట్టాన మింగుడు పడదు. నిలబడి తిని వెళ్లిపోయే దర్శిని హోటళ్లు బెంగళూరులో 1983లో కేఫ్ దర్శినితో మొదలయ్యాయి.

● కేఫ్ కాఫీ డే మొదటి దుకాణం 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో తెరిచారు. కాఫీ పండేదీ ఆ రాష్ట్రంలోనే, చిక్కమగళూరు, కొడగు కొండల్లో. కానీ బీదర్ తాగేది చాయ్. బెంగళూరు దాదాపు 700 కిలోమీటర్ల దూరం, హైదరాబాద్ సుమారు 140. అమెరికాలోనూ ఇలాంటి గీత ఒకటుంది. దక్షిణ రాష్ట్రాల్లో టీ అడిగితే చక్కెర దండిగా వేసిన ఐస్ టీ వస్తుంది, ఉత్తరానికి పోయేకొద్దీ చప్పటిది చేతికిస్తారు.

● హైదరాబాద్‌లో సామాన్యుడి బిర్యానీగా పేరుపడ్డ కల్యాణి బిర్యానీకి ఆ పేరు బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్ నుంచి వచ్చిందని చెబుతారు. కల్యాణి నవాబులు హైదరాబాద్ చేరి దేవిడీ కట్టుకున్నారు, తమ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లకు అక్కడ ఈ బిర్యానీ వడ్డించేవారట. మేకమాంసం కాదు, పెద్దకూర. చిన్న చిన్న ముక్కలు, టమాటా, ధనియాలు, జీలకర్ర. కుంకుమపువ్వు ఆడంబరం లేదు. పెద్ద హోటళ్ల మెనూల్లో ఇది కనిపించదు, పాతబస్తీ గల్లీల్లో మాత్రం వేడి చల్లారకుండానే డేగిసా ఖాళీ అవుతుంది.

● కేఎఫ్‌సీ మనదేశంలో మొదట అడుగుపెట్టింది బెంగళూరులో, 1995లో. మరుసటి ఏడాది జనవరిలో కర్ణాటక రైతు సంఘం కార్యకర్తలు ఆ హోటల్‌పై దాడి చేశారు. 1996లోనే ఢిల్లీకి వచ్చిన మెక్‌డొనాల్డ్స్ గొడ్డుమాంసం లేకుండా మొదలైంది, తర్వాత ఆలూ టిక్కీతో నిలదొక్కుకుంది. రివర్సులో మనవాళ్లు అమెరికాలో పెట్టిన గొలుసులూ ఉన్నాయి: ప్యారడైజ్ బిర్యానీ పాయింట్, బావర్చి బిర్యానీస్, గోదావరి. అక్కడ గోంగూర బిర్యానీలోకి ఎక్కింది. బీదర్‌లో అదే ఆకును పుండి పల్య పేరుతో, పప్పూ జొన్న నూకా వేసి ముద్దగా ఉడికిస్తారు, వెల్లుల్లి తాలింపు పెట్టి రొట్టెతో తింటారు. నన్నడిగితే రెండోదే గొప్ప.

● జొన్నరొట్టె సీమలో గోధుమ రొట్టె, పప్పు ఏ వేళ వెళ్లినా ఉచితంగా పెట్టే చోటు బీదర్‌లోని నానక్ ఝీరా సాహిబ్ గురుద్వారా. గురునానక్ ఇక్కడికి వచ్చారని సిక్కుల నమ్మకం. పంచప్యారేలలో, అంటే ఖాల్సా దీక్ష తీసుకున్న తొలి ఐదుగురిలో ఒకరైన భాయ్ సాహిబ్ సింగ్‌ది బీదరే. అమృత్‌సర్ లంగర్‌కూ దీనికీ వరుస ఒకటే: నేల మీద పంక్తి, స్టీలు కంచం, అడిగినంత. దాసోహం పేరుతో అన్నదానాన్ని వ్రతంగా చేసిన బసవన్న ఉన్న కల్యాణ్ కూడా ఈ జిల్లాదే.

● ఇక ఏ హోటలూ అమ్మని వంట. మార్గశిర అమావాస్యను బీదర్, కలబురగి రైతులు ఎళ్ల అమావాస్య అంటారు. ఉద్గీర్, నిలంగా వైపు ఆ పండుగ పేరు ‘వేళ అమావాస్య’, లాతూరు జిల్లాలో ఆ రోజు సెలవు కూడా ఇస్తారు. జొన్న, శనగ చేలు పచ్చగా నిలబడి ఉంటాయి. జొన్న చొప్పతో చిన్న గుడిసె కట్టి పూజ చేస్తారు, చేను చుట్టూ తిరుగుతూ చరగ చల్లుతారు, అంటే మన పొలి చల్లడం లాంటిదే. ఆ తర్వాత భోజనం.

ఆ రోజు అసలు వంట భజ్జి. నూనెలో వేయించే బజ్జీ కాదు. పచ్చి కంది, పచ్చి శనగ, బఠానీ, చిక్కుడు గింజలు, పల్లీలు, మెంతికూర, పాలకూర, చేతికందిన కూరగాయలన్నీ ఉడకబెట్టి, శనగపిండి కలిపి, పచ్చిమిర్చి వెల్లుల్లి ముద్దతో చిక్కగా దించుతారు. పక్కన నువ్వులద్దిన సజ్జరొట్టె. కుండలో అంబలి: జొన్నపిండి కాచి మజ్జిగ కలిపి ముందురోజు రాత్రే పులవబెట్టినది. చుట్టపక్కాలు, పట్నం నుంచి వచ్చిన స్నేహితులు, దారిన పోయేవాళ్లు అందరూ చేలోనే తింటారు. డిసెంబరు చివర్లోనో జనవరి మొదట్లోనో వస్తుంది కాబట్టి, బీదర్ కోట చూడాలనుకునేవాళ్లు ఆ తేదీ చూసుకుని బయల్దేరండి. హోటల్ గది కంటే ముందు, పొలం ఉన్న స్నేహితుణ్ణి చూసి పెట్టుకోండి.