రాష్ట్రేతరాంధ్రులకు గ్రంథముల ఎన్నిక

మంచి పుస్తకమనునది ఎల్లవారికిని ఒకే విధముగా మంచిది కాదు. ప్రౌఢకావ్యమును పదియేండ్ల బాలుని చేతికిచ్చినచో అతడు ఆ కావ్యమునే కాక చదువునే విసుగుకొనును. పండితుని ముందు బాలశిక్ష నుంచినచో ఆతడు దానిని తెరచియు చూడడు. కావున గ్రంథముల ఎన్నికను గూర్చి విచారించువారు మొదట చూడవలసినది గ్రంథమును కాదు, చదువరిని. చదువరి యెవరు, అతనికి ఎంత తెలుగు వచ్చును, అతడు ఏ ప్రాంతమువాడు అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరకినచో తగిన పుస్తకమును వెదకుట సులభమగును.

ఈ విచారణ కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి మిక్కిలి యవసరము. వారి యిండ్లలో మాట తెలుగు. పిల్లల బడిలో అక్షరము వేఱు. తమిళనాడులో 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము మొదటి తరగతి మొదలుకొని క్రమక్రమముగా తమిళమును తప్పనిసరి భాషగా చేసినది. ఆంగ్ల మాధ్యమము పెరుగుట మఱియొక కారణము. యానాములో తెలుగే జనుల వాడుక భాష యగుటచే అక్షరపు చిక్కు తక్కువ. కాని తక్కిన చోట్ల తెలుగు చక్కగా మాటలాడుచు ఒక్క పుటయైనను చదువలేని యువకులు కనబడుచున్నారు. తాతలు భద్రపరచిన భారత భాగవతములు మనుమలకు పనికిరాక పాత కాగితముల బేరగానికి తూకమునకు పోవుచున్నవి. ఇట్టి స్థితిలో తగని పుస్తకమును చేతికిచ్చుటవలన కలుగు నష్టము పుస్తకపు వెలతో తీరదు. ఒక చదువరియే చేజారిపోవును.

చెవి నుండి కంటికి

అక్షరము రానివారికి మొదట కావలసినది చెవికి పరిచయమైన వాచకము. వేమన పద్యములు, సుమతీ శతకము ఇందులకు తగినవి. పద్యమును ముందుగా నోటికి నేర్పి, పిమ్మట దానినే పెద్ద అక్షరములతో అచ్చైన పుస్తకములో చూపినచో, చెవి యెఱిగిన మాటను కన్ను గుర్తుపట్టును. తెలియని మాటలతో అక్షరములను నేర్పుటకంటె ఇది సులభమైన మార్గము.

బాలుడు బడిలో నేర్చిన లిపినిబట్టి కూడ పుస్తకమును మార్చవలెను. కన్నడ లిపి తెలుగు లిపికి తోబుట్టువు వంటిది. బళ్లారి బాలునికి కొలది దినముల అభ్యాసము చాలును. ఒడియా, మరాఠీ చదివిన పిల్లలకు వర్గాక్షరములన్నియు ముందే తెలియును. వారు నేర్వవలసినది ఆకారములు మాత్రమే. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. కనుక తమిళము చదివిన బాలునికి ఒత్తులను, సరళములను వేఱుపఱచి చూపు పుస్తకము కావలెను. ఈ భేదమును గమనింపక అందఱికిని ఒకే వాచకమును పంచిపెట్టుట అనుభవములేని పని.

అక్షరములు పట్టుబడిన వెంటనే కథలు రావలెను. 1947 జూలైలో మదరాసునుండి వెలువడనారంభించిన చందమామ మాసపత్రిక ఈ పనికి చక్కని సాధనము. 1952 నుండి 1980 వఱకు దాని సంపాదక భారమును వహించిన కొడవటిగంటి కుటుంబరావు చిన్న వాక్యములతో, వాడుక మాటలతో కథ నడపు పద్ధతిని నిలబెట్టెను. పత్రిక ఇప్పుడు వెలువడకున్నను పాత సంచికలు పలుచోట్ల లభించును. ఇంటి పెద్దలు దినమునకు ఒక కథను బిగ్గరగా చదువుచు, పిల్లలు పుటపై చూపు నిలుపునట్లు చేసినచో, కొన్ని నెలలకు పాత్రలు తాఱుమాఱగును: పిల్లలు చదువుదురు, పెద్దలు విందురు.

విద్యార్థుల పుస్తకములు

హైస్కూలు, కాలేజీ విద్యార్థులకు తెలుగనగా పద్యములు, పురాణములు మాత్రమే యను భావము కలుగనీయరాదు. శాస్త్రములను, చరిత్రను అన్యభాషలో చదువుచు తెలుగును పండుగ దినములకు మాత్రము దాచుకొన్నచో, ఆ భాష వారి ఆలోచనకు దూరమగును. ఈ సంగతిని నూఱేండ్లకు పూర్వమే గ్రహించినవాడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు. ఆయన నాగపూరులో విద్యాభ్యాసము చేసి, మరాఠీలో సైతము రచనలు చేసినవాడు. పొరుగు భాషలో తాను చూచినది తన భాషకును కలుగవలెనని తలచి 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి స్థాపనకు పూనుకొనెను. ఆ మండలి గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్రతో ఆరంభించి, చరిత్రములను, ప్రకృతి శాస్త్రములను తెలుగున ప్రకటించెను. మహారాష్ట్రమున నివసించు తెలుగువారు మఱువరాని యుదాహరణమిది: పరభాషలో పొందిన విద్య సొంత భాషకు శత్రువు కానక్కఱలేదు.

కావున విద్యార్థికి పుస్తకమును ఎన్నునప్పుడు ఒక సూత్రమును పాటింపవచ్చును. బడిలో వేఱొక భాషలో నేర్చిన విషయము మీదనే మొదటి తెలుగు శాస్త్రగ్రంథము ఉండవలెను. విషయము ముందే తెలిసియుండుటచే మాట క్రొత్తదైనను అర్థము చిక్కును. విషయమును, మాటయు రెండును క్రొత్తవైనచో విద్యార్థి మూడవ పుటలోనే ఆగిపోవును.

శాస్త్రముల తరువాత ఆత్మకథలు మేలు. కందుకూరి వీరేశలింగము స్వీయ చరిత్రము, టంగుటూరి ప్రకాశము రచించిన నా జీవిత యాత్ర ఇందులకు తగినవి. ఒక మనుష్యుని కష్టసుఖముల వెంట నడచునప్పుడు చదువరి మాటల కాఠిన్యమును పాటింపడు. ప్రక్కన ఒక నిఘంటువు తప్పక యుండవలెను. ఆంగ్ల మాధ్యమమున చదువువారికి 1852లో వెలువడిన బ్రౌను తెలుగు-ఆంగ్ల నిఘంటువు నేటికిని ఉపకరించును. కొంత ముందుకు పోయినవారికి బహుజనపల్లి సీతారామాచార్యులు కూర్చిన శబ్దరత్నాకరము తోడగును.

సొంతగడ్డ గ్రంథములు

సామాన్య పాఠకులు, అనగా ఉద్యోగ వ్యాపారములలో నుండి దినమునకు అఱగంట మాత్రమే చదువగలవారు, ఎచ్చట నారంభింపవలెను? తాము నివసించు నేలతో సంబంధముగల గ్రంథముతో నారంభించుట మేలు. తెలుగు సాహిత్యము కృష్ణా గోదావరీ తీరములలోనే పుట్టి పెరిగినదను భావము సరికాదు. దానిలో గొప్ప భాగము నేడు ఆంధ్రేతర రాష్ట్రములని పిలువబడు చోట్లనే వెలసినది.

కర్ణాటకములో హంపి కలదు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద, అల్లసాని పెద్దన మనుచరిత్ర ఆ ఆస్థానమునకు చెందినవి. 1953లో మైసూరు రాష్ట్రమున చేరిన బళ్లారి తెలుగు నాటకమునకు పుట్టినిండ్లలో నొకటి. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు తమ నాటకములను అచ్చటనే వ్రాసి ఆడించిరి. హంపి శిథిలములను చూచిన బళ్లారి పాఠకుడు కోలాచలమువారి రామరాజు చరిత్ర నాటకమును చేపట్టినచో అది అతనికి పరాయి కథ కాదు.

తమిళనాడులో తంజావూరు నాయకరాజుల ఆస్థానము దక్షిణాంధ్ర వాఙ్మయమునకు నెలవు. రఘునాథ నాయకుని కొలువున చేమకూర వేంకటకవి విజయవిలాసమును, విజయరాఘవుని కొలువున రంగాజమ్మ మన్నారుదాస విలాసమును రచించిరి. తిరువయ్యారున త్యాగరాజు పాడిన కీర్తనలు తెలుగువి. వానిని ప్రతిదినము వినువారు అర్థతాత్పర్యములతోగూడిన ప్రతిని దగ్గఱ నుంచుకొన్నచో సంగీతము మీది ప్రేమయే చదువునకు మెట్టగును. దక్షిణమునకు వలసపోయిన తెలుగువారి కథను తమిళములో వ్రాసిన కి. రాజనారాయణన్ తెలుగు ఇంటివాడే. ఆయన నవల గోపల్లపురత్తు మక్కళ్ 1991లో సాహిత్య అకాడమీ పురస్కారమును పొందెను. తెలుగు చదువలేని యువకుడు దీనిని తమిళముననే చదివినను తప్పులేదు. తన పూర్వులెవరో తెలిసికొన్నవానికి వారి భాష మీద కోరిక కలుగును.

ఒడిశాలోని పర్లాకిమిడి గిడుగు వేంకట రామమూర్తి కార్యక్షేత్రము. వ్యావహారిక భాషకై ఆయన చేసిన వాదమును, సవర భాషకు చేసిన సేవను తెలుపు గ్రంథములు ఆ ప్రాంతపు పాఠకులకు మొదట అందవలెను. మహారాష్ట్రములో షోలాపూరు పద్మశాలీల వంటి శ్రమజీవులకు రాజుల చరిత్రకంటె సురవరము ప్రతాపరెడ్డి రచించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర దగ్గఱగా నుండును. 1955లో తెలుగునకు లభించిన మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారము దానిదే. జనుల తిండి, బట్ట, వృత్తి, వినోదములే అందలి విషయము. 1954 వఱకు ఫ్రెంచి పాలనలో నుండిన యానాములో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బాల్యకాలపు చదువు కొంత సాగినది. ఆయన కథలు-గాథలు ముచ్చటలవలె సాగు వచనము. ఆ యూరివారికి మొదటి పుస్తకముగా తగినది.

ముద్రణముల తారతమ్యము

గ్రంథము పేరు తెలిసినంతమాత్రమున ఎన్నిక ముగియలేదు. ఒకే పేరుతో వెలువడిన ప్రతులన్నియు ఒకటి కావు. గురజాడ అప్పారావు కన్యాశుల్కము 1897లో ఒక రూపమున, 1909లో మిక్కిలి పెంపొందిన వేఱొక రూపమున అచ్చయ్యెను. నేడు జనులు కన్యాశుల్కమని పిలుచునది రెండవదే. ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనము తొలుత కొన్ని భాగములు తొలగింపబడి అచ్చు కాగా, మైసూరు సీమలో పుట్టి మదరాసున ప్రసిద్ధికెక్కిన బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాని సమగ్ర పాఠమును ప్రకటించెను. ఇది వయస్సు వచ్చిన పాఠకులు చదువవలసిన శృంగార కావ్యము, విద్యార్థుల బహుమతి పుస్తకము కాదు. ఐనను చదువువారు పూర్తి ప్రతినే చదువవలెను.

ప్రౌఢకావ్యములకు వ్యాఖ్యానము కావలెను. విజయవిలాసములోని మాటల చమత్కారము వ్యాఖ్య లేనిదే చాలమందికి అందదు. దానికి తాపీ ధర్మారావు హృదయోల్లాస వ్యాఖ్యను వ్రాసి 1971లో సాహిత్య అకాడమీ పురస్కారము నందెను. ఆయన ఒడిశాలోని బరంపురమున జన్మించినవాడు. తంజావూరి కావ్యమును బరంపురపు బిడ్డ తెలుగువారందఱికి విప్పి చెప్పెను.

పుస్తకమును కొనుటకు ముందు పది నిమిషములు వెచ్చించిన చాలును. ఏ ముద్రణమో, పరిష్కర్త యెవరో ముఖపత్రమున చూడవలెను. ఆ వివరములు లేని ప్రతిని అనుమానింపవలెను. నడుమ నుండి ఒక పుటను బిగ్గరగా చదివి, తెలియని మాటలను లెక్కింపవలెను. పుటకు పదికి మించినచో ఆ పుస్తకము చెడ్డదని కాదు, ఆ చదువరికి దాని సమయమింకను రాలేదని యర్థము. దానికి ముందు మఱియొక మెట్టును వెదకవలెను.

సంఘ గ్రంథాలయము

తెలుగు సంఘములు తఱచుగా దాతలిచ్చిన పుస్తకములతో బీరువాలను నింపి, తాళము వేసి తృప్తిపడుచుండును. ప్రతి చదువరికిని అతని పుస్తకము, ప్రతి పుస్తకమునకును దాని చదువరి ఉండవలెనను సూత్రమును మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి యస్. ఆర్. రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ శాస్త్రమునకు పునాదిగా చేసెను. ఆ దృష్టితో చూచినచో, ఎన్నిక సమితిలో పండితులతోపాటు ఒక విద్యార్థి, ఒక గృహిణి, ఒక కార్మికుడు ఉండుట న్యాయము. ఏ పుస్తకమును ఎవరు తీసికొనిపోయిరో, ఎవరు సగములో తిరిగి యిచ్చిరో చూపు చిట్టా పండితుల అభిప్రాయమంత విలువైనది. ఏడాది కాలము ఎవరును ముట్టని పుస్తకము ఎందులకు ముట్టబడలేదో విచారించి, తరువాతి కొనుగోలును సవరించుకొనవలెను.

ధనాభావము నేడు పెద్ద యడ్డంకి కాదు. భారతదేశమున రచయిత మరణించిన మఱుసటి సంవత్సరము మొదలుకొని అఱువది సంవత్సరములు గడచిన పిమ్మట అతని రచనలపై హక్కులు ముగియును. అట్టి గ్రంథములు అనేకము తెలుగు వికీసోర్సు మున్నగు చోట్ల ఉచితముగా లభించును. సంఘములు వానిని పెద్ద అక్షరములతో అచ్చు వేయించుకొనవచ్చును. ఐతే ఉచితముగా దొరకినదెల్ల చదువదగినది కాదు గనుక ఎన్నిక బాధ్యత తగ్గదు, పెరుగును.

ప్రతి సంఘమును ఈ యేడు నూఱు పుస్తకములను కొనుటకంటె, పది కుటుంబములను తీసికొని ఒక్కొక్క కుటుంబమునకు తగిన మూడేసి పుస్తకములను నిర్ణయించి యిచ్చుట మేలు. అందు ఒకటి పిల్లలకు చదివి వినిపించునది, ఒకటి విద్యార్థి తానై చదువుకొనునది, ఒకటి పెద్దలకు తమ ప్రాంతపు తెలుగు చరిత్రను తెలుపునది కావలెను. మఱుసటి యేడు ఆ యిండ్లకు పోయి, ఏ పుటల అంచులు నలిగినవో చూచి తరువాతి పుస్తకములను ఎన్నుకొనవలెను.