ఉగ్రవాదం (చట్టపరమైన నిర్వచనం)

ప్రజలలో గాని, వారిలో ఒక వర్గంలో గాని భయోత్పాతం కలిగించడానికి, లేదా దేశ సమైక్యతకు, భద్రతకు ముప్పు తేవడానికి చేసే హింసాత్మక చర్యను భారతీయ చట్టం ఉగ్రవాద చర్యగా పరిగణిస్తుంది. బాంబు వాడినంత మాత్రాన ఏ నేరమూ ఉగ్రవాదం కాదు.

== ముఠా కక్షలు ==
కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో 20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో జరిగిన ముఠా కక్షలలో నాటుబాంబులను విరివిగా వాడేవారు. 1998లో వై.ఎస్.రాజారెడ్డి బాంబు దాడిలోనే హత్యకు గురయ్యాడు. ఇటువంటి దాడులలో లక్ష్యం ప్రత్యర్థి, అతని అనుచరులు. కనుక ఇవి సాధారణంగా హత్యానేరం క్రిందను, 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం క్రిందను విచారణకు వస్తాయి.

== హైదరాబాదు పేలుళ్ళు ==
2007 ఆగష్టు 25న హైదరాబాదులోని లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌ల వద్ద జరిగిన పేలుళ్ళలో 40 మందికి పైగా మరణించారు. ఇక్కడ లక్ష్యం ఫలానా వ్యక్తి కాదు, అక్కడ ఉన్న ప్రజలందరూ. అదే సంవత్సరం రాష్ట్రంలో ఆక్టోపస్ అనే ప్రత్యేక దళం ఏర్పడింది. 2018లో న్యాయస్థానం ఈ కేసులో ఇద్దరికి మరణశిక్ష విధించింది.

== చట్టాలు ==
1987 నాటి టాడా 1995లో కాలం చెల్లింది. 2002 నాటి పోటా 2004లో రద్దయింది. 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టాన్ని 2004లో సవరించి, ఉగ్రవాద చర్యలను అందులో చేర్చారు. 2008 నవంబరు ముంబై దాడుల తరువాత జాతీయ దర్యాప్తు సంస్థ ఏర్పడింది. ఈ చట్టం క్రింద అభియోగపత్రం లేకుండానే నిందితుని 180 రోజుల వరకు నిర్బంధంలో ఉంచవచ్చు. బెయిలు దొరకడం కష్టం.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 113వ సెక్షనులో కూడా ఉగ్రవాద చర్య నేరమే. కేసును ఏ చట్టం క్రింద నమోదు చేయాలో ఎస్పీ హోదాకు తగ్గని అధికారి నిర్ణయిస్తారు. కాబట్టి నిర్వచనం ఎంత స్పష్టంగా ఉంటే నిందితుని హక్కులకు అంత రక్షణ.

== అంతర్జాతీయ స్థాయిలో ==
ఐక్యరాజ్య సమితిలో సమగ్ర ఉగ్రవాద వ్యతిరేక ఒప్పందాన్ని భారతదేశం 1996లో ప్రతిపాదించింది. విముక్తి పోరాటాలను, ప్రభుత్వ సైన్యాల చర్యలను ఎలా పరిగణించాలన్న విషయంలో ఏకాభిప్రాయం కుదరక అది ఆమోదం పొందలేదు. 2001లో భద్రతా మండలి చేసిన 1373వ తీర్మానం ఉగ్రవాదులకు నిధులందకుండా చూడాలని అన్ని దేశాలనూ ఆదేశించింది, కాని ఉగ్రవాదాన్ని నిర్వచించలేదు. అందువలన ఒక దేశం ఉగ్రవాదిగా ప్రకటించిన వ్యక్తిని మరొక దేశం అలా గుర్తించకపోవచ్చు. విదేశాలకు పారిపోయిన నిందితులను రప్పించడంలో భారతదేశానికి ఎదురయ్యే అడ్డంకులలో ఇది ఒకటి.