గోడ కూలినా గుర్తు చెరగలేదు... బెర్లిన్‌లో ఒక రోజు!

ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు వేరుపడితే నట్టింట్లో గోడ లేస్తుంది. అదే ఒక మహానగరం మధ్యలో రాత్రికి రాత్రి కంచె లేస్తే? తల్లి అటు, కూతురు ఇటు ఉండిపోతే? జర్మనీ రాజధాని బెర్లిన్‌లో జరిగింది అదే! మన పిల్లలు చదువులకీ, ఉద్యోగాలకీ ఇప్పుడు జర్మనీ వెళ్తున్నారు కదా. వాళ్ళను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక్క రోజు ఈ ఊరికోసం కేటాయించండి.

ముందు కాస్త కథ

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక 1945లో బెర్లిన్‌ను నాలుగు దేశాలు పంచుకున్నాయి. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సుల వాటా పశ్చిమ బెర్లిన్ అయింది. సోవియట్ యూనియన్ వాటా తూర్పు బెర్లిన్. తూర్పు జర్మనీ జనం లక్షల్లో పడమటికి వెళ్ళిపోతుంటే, ఆపడానికి అక్కడి ప్రభుత్వం 1961 ఆగస్టు 13న ముళ్ళకంచె వేసింది. తర్వాత అదే గోడయింది. పశ్చిమ బెర్లిన్ చుట్టూ మొత్తం 155 కిలోమీటర్లు!

ఉదయం: బెర్నావర్ వీధి

నార్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్‌లో దిగితే ఈ వీధి పక్కనే. గోడ ముక్క అలాగే ఉంచారు, కాపలా బురుజూ కనిపిస్తుంది. ఇక్కడి ఇళ్ళు తూర్పువి, గుమ్మం ముందు కాలిబాట మాత్రం పడమటిది! తలుపులు మూసేస్తే జనం కిటికీల్లోంచి దూకారు. కింద ఫైరింజన్ వాళ్ళు వలలు పట్టుకుని నిలబడేవారు. ఇడా జీక్‌మన్ అనే నర్సు 1961 ఆగస్టు 22న పరుపూ దుప్పట్లూ కిందికి విసిరి, మూడో అంతస్తు నుంచి దూకి ప్రాణం పోగొట్టుకుంది. మర్నాడు ఆవిడకు 59 నిండేవి. తోబుట్టువు ఇల్లు అవతలి వైపు కొద్ది వీధుల దూరంలోనే ఉంది. గోడ దగ్గర పోయిన మొదటి ప్రాణం ఆవిడదే.

మధ్యాహ్నం: కన్నీళ్ళ భవనం

అక్కణ్ణుంచి రెండో స్టేషన్ ఫ్రీడ్రిష్‌స్ట్రాసె. పక్కనే 1962లో కట్టిన అద్దాల హాలు ఉంది. తూర్పు వైపు చుట్టాల్ని చూసి తిరిగి వెళ్ళేవాళ్ళు ఈ తలుపు దగ్గరే వీడ్కోలు చెప్పుకునేవారు. అందుకే జనం దీనికి 'కన్నీళ్ళ భవనం' అని పేరు పెట్టారు.

గోడ లేచాక రెండేళ్ళకు పైగా పశ్చిమ బెర్లిన్ వాళ్ళకు అవతలికి అనుమతే లేదు. 1963 క్రిస్మస్‌కి మొదటిసారి ఒక్క రోజు పాసులిచ్చారు. 1952లో తెగిన ఫోన్లు 1971 దాకా కలవలేదు. అయినా ఆడవాళ్ళు ఊరుకుంటారా? పడమటి నుంచి కాఫీ పొడి, సబ్బులు, పండగ కేకులోకి బాదం, ఎండుద్రాక్ష పార్సిళ్ళు కట్టి పంపేవారు. మనం కూతురికి సారె పంపినట్టే!

సాయంత్రం: బొమ్మల గోడ

1989 నవంబరు 9 రాత్రి గేట్లు తెరుచుకున్నాయి. 1990 అక్టోబరు 3న రెండు జర్మనీలూ ఒకటయ్యాయి. ఆస్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్ దగ్గర మిగిలిన 1.3 కిలోమీటర్ల గోడపై చిత్రకారులు 1990లో బొమ్మలు వేశారు. నదీ తీరాన హాయిగా నడుస్తూ చూడొచ్చు.

వెళ్ళేవారికి...

* రైళ్ళకీ, బస్సులకీ కలిపి రోజంతా చెల్లే టికెట్ తీసుకోండి.
* గోడ స్మారకానికీ, కన్నీళ్ళ భవనానికీ టికెట్ లేదు. కానీ సోమవారం వెళ్ళకండి, కన్నీళ్ళ భవనం మూసి ఉంటుంది.
* నడక ఎక్కువ. చెప్పులకన్నా బూట్లు మేలు. స్వెట్టర్ మరవద్దు.
* అక్కడ పేరున్న కర్రీవుర్స్ట్‌లో 'కర్రీ' ఉంది కదా అనుకునేరు, అది మాంసం వంటకం! శాకాహారులకు బంగాళాదుంప అట్లు, ఫలాఫెల్ దొరుకుతాయి. పులిహోర పొట్లం ఉంటే ఇంకా నిశ్చింత.

బ్రాండెన్‌బర్గ్ గేటు వెనక రోడ్డు మీద రెండు వరసల రాళ్ళు పరిచి ఉంటాయి. ఒకప్పటి గోడ జాడ అది. ఇవాళ పిల్లల చెయ్యి పట్టుకుని ఒక్క అడుగులో దాటేయొచ్చు. ఆ అడుగు కోసం ఆ ఊరి అమ్మలు 28 ఏళ్ళు ఎదురు చూశారు!