పాఠశాల ఆరోగ్య సేవలు – తల్లిదండ్రుల పాత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• పాఠశాల నర్సు సేవలు ఎలా మొదలయ్యాయో చెప్పగలుగుతారు.
• రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పనితీరును వివరించగలుగుతారు.
• బడిలో ఇచ్చే మాత్రలు, టీకాల గురించి తల్లిదండ్రులకు వచ్చే సందేహాలను తీర్చగలుగుతారు.
• పరీక్షలో లోపం బయటపడిన తరవాత ఇంటివాళ్లు చేయవలసిన పనులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

మీలో చాలామంది ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటి పనో చేసుకొంటూ చదువుతున్నవారు. బడికి వెళ్లే పిల్లలున్నవారూ ఉంటారు. కాబట్టి ఈ పాఠం పరీక్ష కోసమే కాదు, మీ ఇంటి కోసం కూడా.

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు బడిలో కంటి పరీక్ష జరిగింది. ఎడమ కంటి చూపు తక్కువగా ఉంది, కంటి డాక్టరుకు చూపించండి అని ఒక చీటీ ఇంటికి వచ్చింది. 'పిల్ల చక్కగానే చదువుతోంది కదా, పరీక్ష హడావిడిగా చేసి ఉంటారు' అనుకొని దాన్ని ఒక పుస్తకంలో పెట్టాను. మళ్లీ ఆ చీటీని చూసింది రెండేళ్ల తరవాత. అప్పటికి ఆ కన్ను బాగా మందగించింది. ముందే తీసుకొచ్చి ఉంటే అద్దాలతోనూ, మంచి కన్నును రోజూ కొంతసేపు మూసి ఉంచే చికిత్సతోనూ చూపు ఇంకా మెరుగయ్యేదని డాక్టరు చెప్పారు. బడి తన పని చేసింది. డాక్టరేటు ఉన్న తండ్రి తన పని చేయలేదు.

ఈ పాఠంలో ముఖ్యమైన విషయం ఇదే. బడిలో జరిగేది పరీక్ష మాత్రమే. అది చికిత్సగా మారేది తల్లిదండ్రుల చేతుల మీదుగానే.

2. పాఠశాల నర్సు: ఒక ఆలోచన పుట్టుక

1892లో లండన్‌లోని డ్రూరీ లేన్ ప్రాంతంలో ఒక ప్రాథమిక పాఠశాలకు ఏమీ హ్యూస్ అనే నర్సు వెళ్లి పిల్లలను చూడడం మొదలుపెట్టారు. పాఠశాల నర్సు సేవలకు దీన్ని తొలి అడుగుగా చెబుతారు.

ఆ తరవాత పదేళ్లకు న్యూయార్క్‌లో జరిగిన ప్రయోగం మనకు ఎక్కువ పాఠం చెబుతుంది. అక్కడి బడుల్లో అప్పటికే డాక్టర్లు పిల్లలను పరీక్షించేవారు. గజ్జి, తామర, పేలు, కంటి అంటువ్యాధులు ఉన్నవారిని ఇంటికి పంపేసేవారు. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది పేద వలస కార్మికులు. చాలామందికి ఆంగ్లం రాదు, వైద్యం చేయించే స్తోమత లేదు. అందువల్ల పిల్లలు వారాల తరబడి ఇంట్లోనే ఉండిపోయేవారు. జబ్బు తగ్గేది కాదు, చదువు సాగేది కాదు.

1902 అక్టోబరులో లిలియన్ వాల్డ్ చొరవతో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడుల్లో ప్రయోగాత్మకంగా నియమించారు. ఆమె చిన్న చిన్న జబ్బులకు బడిలోనే మందు వేశారు. సాయంత్రం పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లులకు ఏం చేయాలో చూపించారు. గైర్హాజరు బాగా తగ్గింది. దాంతో నగరం మరికొందరు నర్సులను నియమించింది.

ఇక్కడ మీరు గమనించవలసింది ఒకటుంది. అక్కడ పరీక్షలకు కొరత లేదు. పరీక్షకూ ఇంటికీ మధ్య వంతెన లేకపోవడమే కొరత. ఆ వంతెనే పాఠశాల నర్సు.

3. మన దేశంలో

మన దేశంలో బడిపిల్లలకు వైద్య పరీక్షలు మొదటిసారి 1909లో బరోడా నగరంలో జరిగాయి. అయినా పాఠశాల ఆరోగ్య సేవలు దాదాపు లేనట్లేనని 1946లో భోర్ కమిటీ చెప్పింది. 1960లో రేణుకా రే అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం ఒక కమిటీని నియమించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైంది. 2013లో దేశమంతటికీ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది.

మన సాధారణ ప్రభుత్వ బడుల్లో రోజూ కూర్చొనే నర్సు ఉండరు. నర్సు చేయవలసిన పని ఇక్కడ నలుగురి మధ్య పంచి ఉంటుంది: సంచార వైద్య బృందం, ఊరి ఏఎన్ఎం, ఉపాధ్యాయుడు, తల్లి లేదా తండ్రి. వీరిలో ఒక్కరు వదిలేసినా గొలుసు తెగుతుంది. 2020లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్య రాయబారులుగా శిక్షణ పొందాలి. మీ బడిలో వారెవరో అడిగి తెలుసుకోండి.

4. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం: పనితీరు

పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలందరూ దీని పరిధిలోకి వస్తారు. బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు (ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ), ఒక ఏఎన్ఎం లేదా స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టు ఉంటారు. అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలను ఏడాదికి ఒకసారి పరీక్షించాలి.

వెతికే సమస్యలను నాలుగు రకాలుగా విభజించారు:
(అ) పుట్టుకతో వచ్చే లోపాలు: గ్రహణమొర్రి, వంకర పాదాలు, గుండె జబ్బులు మొదలైనవి.
(ఆ) పోషక లోపాలు: రక్తహీనత, విటమిన్ 'ఎ' లోపం మొదలైనవి.
(ఇ) బాల్యంలో వచ్చే జబ్బులు: చర్మవ్యాధులు, చెవిలో చీము, పుచ్చిపళ్లు, ఉబ్బసం, మూర్ఛ మొదలైనవి.
(ఈ) ఎదుగుదలలో ఆలస్యం, వైకల్యాలు: చూపు, వినికిడి, మాట, నేర్చుకోవడంలో ఇబ్బందులు.

లోపం అనుమానం కలిగితే బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, పెద్ద ఆసుపత్రికో, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికో రాసి పంపుతుంది. కార్యక్రమం పరిధిలోని సమస్యలకు శస్త్రచికిత్సతో సహా వైద్యం ఉచితం.

ప్రైవేటు బడుల పిల్లలకు ఈ బృందం సాధారణంగా రాదు. అందువల్ల ఆ పిల్లల ఎత్తు, బరువు, చూపు, వినికిడి, పళ్లు ఏడాదికి ఒకసారైనా పరీక్ష చేయించడం తల్లిదండ్రుల బాధ్యతే.

5. బడిలో ఇచ్చే మాత్రలు, టీకాలు

నులిపురుగుల మాత్ర: ఫిబ్రవరి 10, ఆగస్టు 10 జాతీయ నులిపురుగుల నివారణ దినాలు. రెండేళ్లు దాటిన పిల్లలకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఒకటి ఇస్తారు. మాత్రను నమిలి మింగాలి. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు కొద్దిగా వికారం, కడుపునొప్పి రావచ్చు. అవి కాసేపట్లో సర్దుకొంటాయి. ఆ రోజు జ్వరంగా ఉన్న పిల్లలకు మాత్ర వేయరు. తరవాత జరిగే మలివిడతలో వేస్తారు. కాబట్టి పిల్లవాడికి ఒంట్లో బాగాలేదని ఉపాధ్యాయుడికి ముందే చెప్పండి.

ఇనుము మాత్ర: రక్తహీనత నివారణకు వారానికి ఒక మాత్ర. 5 నుంచి 9 ఏళ్ల వారికి గులాబీ రంగు, 10 నుంచి 19 ఏళ్ల వారికి నీలం రంగు. నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. దీన్ని అన్నం తిన్న తరవాతే వేసుకోవాలి. మలం నల్లగా రావడం సహజం. 'మాత్ర వేసుకొంటే వాంతులవుతున్నాయి' అనే ఫిర్యాదు చాలాసార్లు ఖాళీ కడుపుతో వేసుకోవడం వల్ల వచ్చేదే. మాత్ర వేసుకొన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మ, ఉసిరి, జామ తింటే బాగా పడుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి అయిదుగురిలో ముగ్గురు.

టీకా: 10 ఏళ్లకు, 16 ఏళ్లకు ధనుర్వాతం, డిఫ్తీరియాల నుంచి కాపాడే టీడీ టీకా వేయించాలి.

6. చీటీ ఇంటికి వచ్చినప్పుడు

(1) చీటీని ఆ రోజే చదవండి. చదవడం రాకపోతే ఉపాధ్యాయుడినో, ఆశా కార్యకర్తనో అడగండి.
(2) ఎక్కడికి, ఏ రోజు వెళ్లాలో రాసుకోండి. ఒక రోజు కూలి పోతుందన్న భయం నిజమైనదే. అందుకే ఆ వైద్యుడు ఉండే రోజు ముందుగా కనుక్కొంటే రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది.
(3) పాత చీటీలు, మందుల కాగితాలు ఒకే సంచిలో దాచండి.
(4) డాక్టరు చెప్పింది బడికి తెలపండి. చూపు తక్కువైన పిల్లవాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టడం ఉపాధ్యాయుడి చేతిలోని పని. కానీ ఆయనకు తెలియాలి.
(5) కళ్లజోడు ఇచ్చాక పిల్లలు పెట్టుకొంటున్నారో లేదో చూడండి. 'ఆడపిల్లకు కళ్లజోడా? రేపు సంబంధాలు ఎలా వస్తాయి?' అని దాన్ని పెట్టెలో దాచిన ఇళ్లున్నాయి. బోర్డు కనిపించని పిల్ల చదువులో వెనకబడుతుంది. ఆ వెనకబాటును మనం మందబుద్ధి అంటాం.

7. ఎప్పుడు ఇంట్లో ఉంచాలి?

జ్వరం ఉంటే, మందు వేయకుండానే 24 గంటలపాటు జ్వరం రాకుండా ఉండే వరకు బడికి పంపకండి. ఆటలమ్మ సోకితే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేవరకు, తట్టు సోకితే దద్దురు కనిపించిన తరవాత నాలుగు రోజులపాటు ఇంట్లో ఉంచండి. గజ్జికి ఇంట్లో అందరికీ ఒకేసారి మందు రాయాలి. ఒక్కరికే రాస్తే మళ్లీ వస్తుంది. పేల కోసం బడి మాన్పించనక్కరలేదు.

ఉబ్బసం, మూర్ఛ, మధుమేహం ఉన్న పిల్లల విషయంలో ఒక కాగితం మీద జబ్బు పేరు, మందు, మోతాదు, ప్రమాద సూచనలు, ఫోను నంబరు రాసి ప్రధానోపాధ్యాయుడికి ఇవ్వండి. మూర్ఛ వచ్చిన పిల్లవాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. మూర్ఛ అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయాలి.

8. తల్లిదండ్రులు అడగదగిన నియమాలు

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడిలో గానీ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన చేసింది. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మడాన్ని 2003 నాటి చట్టం నిషేధించింది. ఇవి మీ బడి దగ్గర అమలు కావడం లేదని అనిపిస్తే బడి యాజమాన్య కమిటీ సమావేశంలో అడగండి. ఆ కమిటీలో ఎక్కువమంది సభ్యులు తల్లిదండ్రులే.

9. సారాంశం

పరీక్షించి ఇంటికి పంపేస్తే సరిపోదని న్యూయార్క్ అనుభవం చూపింది. మన దగ్గర ప్రతి బడికీ నర్సు లేరు. ఆ పనిలో చివరి భాగం తల్లిదండ్రులది. ఈ పాఠం ముగించాక ఒక పని చేయండి. మీ పిల్లల బడి సంచి తెరిచి, అడుగున మడతపడిన కాగితాలు ఏమైనా ఉన్నాయేమో చూడండి.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1902 న్యూయార్క్ ప్రయోగం పాఠశాల ఆరోగ్య సేవలకు నేర్పిన పాఠం ఏమిటి?
2. ఇనుము మాత్ర వేసుకోవడంలో పాటించవలసిన జాగ్రత్తలు రాయండి.

II. 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
3. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పనితీరును వివరించి, అందులో తల్లిదండ్రుల పాత్రను మీ ఊరి బడి అనుభవంతో చర్చించండి.