ముసలి ఒంట్లో నివురుగప్పిన నిప్పు

విశాఖపట్నం: ‘ఒళ్లు వెచ్చగా లేదు, నీరసం తప్ప జబ్బేమీ లేదు’ అనుకుని ఇంట్లో పెద్దవాళ్లను నాలుగైదు రోజులు మంచం మీదే ఉంచేయడం పల్లెల్లో పరిపాటి. తీరా ఊపిరాడక ఆస్పత్రికి మోసుకొచ్చేసరికి న్యుమోనియా ముదిరిపోయి ఉంటుంది. 2022లో జిల్లాలు విడిపోయినా అటు పాడేరు కొండల నుంచి, ఇటు శ్రీకాకుళం పల్లెల నుంచి రోగులు వచ్చేది విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే. అంత దూరం రావలసినవారు బయలుదేరడంలోనే జాగు చేస్తే ఎలా?

వయసులో ఉన్నవాడికి కాలిలో ముల్లు దిగితే అక్కడ ఎర్రబడుతుంది, వాస్తుంది, కాకపుడుతుంది, సలుపుతుంది. ఒంట్లో కాపలా కాసే తెల్లకణాలు క్రిములతో కలబడుతున్నాయనడానికి ఈ వాపు, మంటే గుర్తు. ఆ కణాలు మెదడుకు కబురంపితే జ్వరం వస్తుంది. 70 దాటిన ఒంట్లో ఆ కాపలా మందగిస్తుంది, కబురు సరిగా అందదు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ సోకిన వృద్ధుల్లో 20 నుంచి 30 శాతం మందికి జ్వరం రానే రాదు, వచ్చినా నామమాత్రమే.

మరి దేన్నిబట్టి పోల్చుకోవాలి? నిన్నటిదాకా తెలివిగా మాట్లాడిన తాత ఇవాళ మనవణ్ణి గుర్తుపట్టకపోయినా, మామ్మ గంజి కూడా వద్దన్నా, తిరిగే మనిషి ఉన్నట్టుండి పడిపోయినా అనుమానించాలి. నిమిషానికి 25 సార్లు, అంతకుమించి ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తులకు ఏదో సోకిందనే అనుకోవాలి. బాగున్న రోజుల్లోనే థర్మామీటరు పెట్టి ఒంటి వేడి ఎంతో రాసి ఉంచుకోవడం మేలు. దానిమీద ఫారన్‌హీట్ లెక్కన 2 డిగ్రీలకు మించి పెరిగితే అది జ్వరమే. ఎప్పుడూ 96 ఉండే మనిషికి 98.6 చూపిస్తే ఇరుగుపొరుగు ‘నార్మలే’ అంటారు. కాదు.

విచిత్రమేమంటే, అవసరానికి రాజుకోని ఈ మంటే అవసరం లేనప్పుడు ఆరకుండా ఉంటుంది. నివురుగప్పిన నిప్పులా లోలోపల కాలుతూ కీళ్లను, రక్తనాళాలను, గుండెను దెబ్బతీస్తుంది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ బృందం 2000లో దీనికి ‘ఇన్‌ఫ్లమేజింగ్’ అని పేరు పెట్టింది. ముదిరినా చావని కణాలు, పొట్ట చుట్టూ కొవ్వు, చీము పట్టిన చిగుళ్లు దీన్ని ఎగదోస్తాయి. పొగ సంగతి చెప్పనే అక్కర్లేదు. విశాఖ, శ్రీకాకుళం తీరాన ఆడవాళ్లు చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అంగిట్లో కేన్సర్ తెస్తుందని 1950లలోనే వైద్యులు రాశారు.

పోర్టులో బరువులు మోసి, స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసి రిటైరైనవారికి మోకాళ్ల నొప్పులు మామూలే. వాటికి మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు రోజూ మింగితే కడుపుకు, కిడ్నీలకు చేటు. ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ అయితే మరీ ప్రమాదం. హాయిగా ఉన్నట్టే ఉంటుంది గాని, రావలసిన ఆ కాస్త జ్వరాన్నీ కప్పేస్తుంది, సుగరు పెంచుతుంది. డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్‌ను మాత్రం చెప్పకుండా ఒక్కసారిగా మానకూడదు.

ఫ్లూ, న్యుమోనియా టీకాలు వృద్ధులకు ఉన్నాయి. ఎప్పుడు వేయించుకోవాలో డాక్టరును అడగాలి. మంచం పట్టిన మనిషిని కదిలించలేకపోతే 108కి ఫోను చేయాలి, బండి ఊళ్లోకే వస్తుంది.