పాత కంప్యూటరులో బ్యాంకు ఎందుకు తెరుచుకోలేదు?

 

వేసవి సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పి, దాని వెనకాల ఉన్న విషయం వివరిస్తాను. ఉపాధి హామీ కూలి వంటివి ఇప్పుడు ఖాతాల్లోనే పడుతున్నాయి. కాబట్టి ఇది మనందరికీ పనికొచ్చే విషయమే.

మా అన్నయ్య కొవ్వూరులో ఒక ఎరువుల కొట్టులో గుమాస్తా. సెలవులకి నేను పోలవరం నుంచి తాళ్ళపూడి మీదుగా బస్సులో అక్కడికి వెళ్ళాను. మా అక్క నర్సింగు చదువుతోంది. రెండో విడత ఫీజు 12,000 రూపాయలు కట్టడానికి మర్నాడే ఆఖరు రోజు. డబ్బు అన్నయ్య ఖాతాలో ఉంది. కానీ అతని పెద్ద ఫోను కిందపడి పగిలిపోయింది. సిమ్ము తీసి బటన్ల ఫోనులో వేసుకున్నాడు. సాయంత్రం అక్క ఫోను చేసి, "అన్నయ్యా, రేపు కట్టకపోతే పరీక్షకి రానివ్వరంట" అని ఏడ్చింది.

"కంగారు పడకమ్మా. కొట్లో కంప్యూటరు ఉందిగా, దాన్నుంచి పంపేస్తాను" అన్నాడు అన్నయ్య.

ఆ కంప్యూటరులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. బిల్లులు, లెక్కలు బాగానే చేస్తుంది. కానీ బ్యాంకు పేరు కొడితే పేజీ చూపించలేమని వచ్చింది. మూలన తేదీ చూస్తే 2002 అని ఉంది. సరిచేశాం. అయినా తెరుచుకోలేదు.

అంతలో పక్క కొట్టు అబ్బాయి ఒక పెన్‌డ్రైవు తెచ్చాడు. "ఇందులో బ్రౌజరు ఉందండీ. పాతవాటిల్లో కూడా బ్యాంకు తెరుస్తాది" అన్నాడు. అది వేస్తే నిజంగానే పేజీ వచ్చింది! అన్నయ్య పాస్‌వర్డు కొట్టబోయాడు.

"ఆగన్నయ్యా, ఇది ఎవరు తయారుచేశారు?" అన్నాను. ఆ అబ్బాయికీ తెలియదు. అన్నయ్యకి కోపం వచ్చింది. "అయితే ఫీజు నువ్వు కడతావేంట్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఊరికే నిలబడ్డాను. కాసేపటికి అతనే కంప్యూటరు ఆపేశాడు.

అప్పుడు నాకు భయమే గాని కారణం పూర్తిగా తెలియదు. బడికి వచ్చాక కంప్యూటరు మాస్టారిని అడిగి తెలుసుకున్నది ఇదీ.

మొదటి కారణం భాష. మనం పాస్‌వర్డు కొట్టినప్పుడు అది దారిలో ఎవరికీ అర్థం కాకుండా రహస్య లిపిలో బ్యాంకుకి వెళ్తుంది. ఆ పద్ధతి పేరు టి.ఎల్.ఎస్. దీనిలో 1.0 రకం 1999లో, 1.2 రకం 2008లో, 1.3 రకం 2018లో వచ్చాయి. ఎక్స్‌పీతో పాటు ఉండే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకి 1.0 వరకే తెలుసు. దానిలో లోపాలు బయటపడ్డాయి కనుక 1.0, 1.1 ఇక వాడకూడదని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ 2021 మార్చిలో తేల్చింది. బ్యాంకు కొత్త భాషలో పలకరిస్తుంది, పాత కంప్యూటరుకి అది రాదు. అందుకే తలుపు తెరుచుకోదు. ఇది మన డబ్బు కోసం పెట్టిన కట్టుబాటే.

రెండవది గుర్తింపు కార్డు. "నేను అసలైన బ్యాంకునే" అని చూపించే పత్రం ఒకటి ఉంటుంది. దానికి మొదలు తేదీ, ఆఖరు తేదీ ఉంటాయి. కంప్యూటరులోని చిన్న గుండ్రటి బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. అప్పుడు మంచి పత్రం కూడా చెల్లనిదిగా కనబడుతుంది. ఆ పత్రాలు ఇచ్చే కొత్త సంస్థల పేర్లు కూడా పాత కంప్యూటరుకి తెలియవు.

మూడవది మరమ్మతు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఎక్స్‌పీ 2001లో వచ్చింది. 2014 ఏప్రిల్ 8తో దానికి మరమ్మతులు ఆగిపోయాయి. విండోస్ 7కి 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో అయిపోయాయి. ఆ తరువాత బయటపడిన కన్నాలు అలాగే ఉండిపోతాయి.

కొవ్వూరు రేవులో నిలబడితే గోదావరి మీద పాత హేవలాక్ వంతెన కనిపిస్తుంది. 1900 నుంచి రైళ్ళు నడిచాయి, 1997లో ఆపేశారు. వంతెన ఇంకా నిలబడే ఉంది. అలాగని దాని మీదికి రైలు ఎక్కిస్తామా? పాత కంప్యూటరూ అంతే. నిలబడి ఉండడం వేరు, బరువు మోయడం వేరు.

మరి పెన్‌డ్రైవు బ్రౌజరుతో పేజీ వచ్చింది కదా అంటారేమో. దానికి కొత్త భాష వచ్చి ఉంటుంది, అంతవరకు నిజమే. కానీ దారి భద్రమైనంత మాత్రాన ఇల్లు భద్రం కాదు. కంప్యూటరులో ముందే దొంగ ప్రోగ్రాము దూరి ఉంటే, మనం నొక్కే ప్రతి అక్షరాన్ని అది రాసుకుంటుంది. దొంగ ఇంట్లోనే కూర్చుంటే వీధి తలుపుకి తాళం వేసి ఏం లాభం?

ఇది ఉత్త భయం కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరసు ప్రపంచమంతా పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ కన్నానికి మరమ్మతు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. అది వేసుకోనివి చిక్కుకున్నాయి. 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు కూడా, ఏ.టి.ఎం.లలో ఉన్న ఎక్స్‌పీ వంటి పాతవాటిని 2019 జూన్ నాటికి పూర్తిగా మార్చాలని బ్యాంకులను ఆదేశించింది.

ఇక మా ఇంటి సంగతి. ఆ రాత్రి అన్నయ్య బటన్ల ఫోనులోనే *99# కొట్టాడు. దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ము ఉండాలి. ఖాతాలో ఎంత ఉందో కనబడింది. కానీ దాంతో ఒకసారికి 5,000 రూపాయలకి మించి పంపడం కుదరదు. అందుకని పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళి వరుసలో నిలబడ్డాం. నెఫ్ట్ ఫారం నింపి ఇచ్చాం. మధ్యాహ్నానికి అక్క ఫోను చేసి, "ముట్టింది, రసీదు ఇచ్చారు" అంది. అన్నయ్య ఏమీ అనలేదు గాని, దారిలో నాకు చెరుకురసం ఇప్పించాడు.

గుర్తుంచుకుందాం:

1. మరమ్మతులు ఆగిపోయిన కంప్యూటరులో బ్యాంకు పాస్‌వర్డు కొట్టరాదు. పేజీ తెరుచుకున్నా సరే.

2. ప్రమాదమని హెచ్చరిక వస్తే "ముందుకు సాగు" అని నొక్కరాదు. ముందు తేదీ చూడాలి.

3. ఎవరో ఇచ్చిన ప్రోగ్రాము వేసి డబ్బు పని చేయరాదు.

4. ఓ.టి.పి., పిన్ను ఎవరికీ చెప్పరాదు, అయినవాళ్ళకైనా సరే.

5. మోసం జరిగితే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి, బ్యాంకుకి ఫోను చేయాలి.

పాత కంప్యూటర్లను పారేయమని నేను చెప్పడం లేదు. టైపు నేర్చుకోవడానికి, బొమ్మలు వేయడానికి అవి చాలు. కొన్నిటిలో లైనక్స్ అనే ఉచిత వ్యవస్థ వేసుకుంటే మళ్ళీ మరమ్మతులు అందుతాయి. వార్డెన్ గార్లకు నా మనవి ఒక్కటే. మన కంప్యూటరు గదిలో ఏ పెట్టెలో ఏ విండోస్ ఉందో ఒక చీటీ రాసి అంటిస్తే మాకందరికీ తెలుస్తుంది. చీటీలు రాయడానికి నేను సిద్ధం.

— 10వ తరగతి విద్యార్థి