పచ్చి సియ్యా? పొట్లం తిండా?

ఆదివారం పొద్దున నంద్యాల నూనెపల్లెలో ఏ చికెన్ అంగడి ముందు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది: "అన్నా, కుక్కకు కాళ్లు, మెడకాయలు ఓ కిలో ఎయ్." అంగడాయన తొట్టిలో చెయ్యి పెట్టి నాలుగు గుప్పిళ్లు తీసి నల్ల కవర్లో వేస్తాడు. కొందరు ఇంటికి పోయి ఉడకబెట్టి అన్నంలో కలుపుతారు. కొందరు అట్లాగే పచ్చిగా కుక్క ముందు పెడతారు. పచ్చిగానే పెట్టాలని పట్టుబట్టేవాళ్లు ఈ మధ్య నాకు తరచుగా ఎదురవుతున్నారు. కుక్క తోడేలు సంతతి, తోడేలు వండుకొని తింటుందా అని వాళ్లు ఫోన్లో వీడియో తీసి చూపిస్తారు.

ఇంకో రకం ఇళ్లూ ఉన్నాయి. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే పిల్లలు లాబ్రడార్‌ను అమ్మానాన్నల దగ్గర వదిలిపోతారు. నెలనెలా ఆన్‌లైన్‌లో ఎండబెట్టిన మాంసం పొట్లాలు పంపుతారు. "గోరువెచ్చటి నీళ్లు పోసి పది నిమిషాలు నాననిచ్చి పెట్టుమా" అని ఫోన్లో చెబుతారు. ఆ తల్లికి పొట్లం మీద నమ్మకం కుదరదు. ఈ పొడి కంటే నాలుగు సియ్యలు వేస్తే మేలు కదా అంటుంది.

పచ్చిదా, పొట్లమా? నా తీర్పు ముందే చెబుతాను. నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి చోట కుక్కకు పచ్చి మాంసం పెట్టకూడదు. అందుకు మొదటి కారణం గొర్రె.

మందలో మొదలయ్యే జబ్బు

శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ వైపు పోతుంటే కోతలైపోయిన చేలల్లో గొర్రెల మందలు కనబడతాయి. ఎరువు కోసం రైతులు తమ చేలో మంద కట్టించుకుంటారు. రాత్రంతా ఆ మందకు కాపలా కుక్కలే. కాపరి తినేదే వాటికీ తిండి: జొన్న సంగటి, రొట్టె తునక, మజ్జిగ నీళ్లు. గొర్రె చచ్చినా, జాతరకు పొట్టేలును కోసినా లోపలి భాగాల్లో కొంత కుక్క వంతు. కార్జం మీదో ఊపిరితిత్తుల మీదో నీళ్లు నిండిన తెల్లటి బుడ్డ కనబడితే, ఆ ముక్క మనిషికి పనికిరాదని కోసి కుక్కకు విసిరేస్తారు. అసలు ప్రమాదం ఆ విసిరే ముక్కలోనే ఉంది.

ఆ బుడ్డలో ఉండేది ఎకైనోకోకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు పిల్ల. పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో అది కొన్ని మిల్లీమీటర్ల పురుగుగా ఎదిగి, కొన్ని వారాల్లోనే గుడ్లు పెడుతుంది. కుక్క మాత్రం నిక్షేపంగా కనబడుతుంది. మలంతో బయటపడిన గుడ్లు గడ్డిని అంటుకుంటాయి, దాన్ని గొర్రె మేస్తుంది. కుక్క వెంట్రుకలకూ అంటుకుంటాయి, దాన్ని నిమిరిన చేత్తో పిల్లవాడు అన్నం కలుపుకుంటాడు. గుడ్డు మనిషి కడుపులోకి చేరితే కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో హైడాటిడ్ తిత్తి తయారవుతుంది. అది ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. లోపల పగిలితే ప్రాణానికే ముప్పు. పెద్ద తిత్తులకు చాలాసార్లు ఆపరేషనే గతి. దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనబడే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏ సమయంలో చూసినా ప్రపంచంలో 10 లక్షల మందికి పైగా ఎకైనోకోకస్ జబ్బులతో బతుకుతున్నారు.

ఇంత చేసే పురుగు మరిగే నీళ్లకు తట్టుకోలేదు. ఆ కార్జాన్నే గిన్నెలో వేసి అరగంటకు పైగా బాగా మరిగిస్తే లోపలి పిల్లపురుగు చస్తుంది. అందుకే నేను పొయ్యి పక్షం.

"పచ్చిది పెట్టకుంటే కుక్కకు కసి రాదప్పా" అన్నాడు ఒక కాపరి. ఆయన కుక్కల్ని చూశాను. తోక కదలకుండా మంద చుట్టూ తిరుగుతూ, కొత్త మనిషిని పది గజాల దూరంలోనే ఆపేశాయి. ఆ కాపలా గుణం వాటి పుట్టుకలో ఉంది, ఆయన నేర్పిన పనిలో ఉంది. ఆ రోజు అవి తిన్నది సంగటి.

తోడేలు వాదన

పచ్చి మాంసం పెట్టేవాళ్ల మాటల్లో నిజం లేకపోలేదు. కుక్క ఇష్టంగా తింటుంది. మలం తక్కువగా, గట్టిగా వస్తుంది. కొవ్వు బాగా అందితే వెంట్రుక మెరుస్తుంది. అయితే ఇవన్నీ ఉడికించిన మాంసంతోనూ దక్కేవే. 1993లో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ పుస్తకంతో ఈ పచ్చి తిండి ఉద్యమం ఊపందుకుంది. అయితే 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఇంకో సంగతి బయటపెట్టారు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైముకు సంబంధించిన జన్యువుకు తోడేలులో రెండే ప్రతులుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి పంట పండించిన కాలం నుంచీ మనిషి గింజ తింటూ కుక్క మారింది. మన కాపరి పెట్టే జొన్న సంగటి కుక్కకు పరాయి తిండి కాదని ఆ జన్యువే చెబుతోంది. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన 'సూర్యనంది' కొర్రను మెత్తగా వండి పెట్టినా హాయిగా అరుగుతుంది.

ఇక ఎండ. మే నెలలో నంద్యాల పగటి వేడి 45 డిగ్రీల దగ్గర ఆడుతుంది. సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాకు 37 డిగ్రీల చుట్టుపక్కల వేడి పండగే. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయితే రెండు గంటల్లో ఒకటి అరవై నాలుగవుతుంది. వాకిట్లో పెట్టిన గిన్నెను కుక్క మధ్యాహ్నం దాకా నాకుతూ ఉంటే అందులో ఏం పెరుగుతోందో లెక్కేసుకోవచ్చు. చల్లటి దేశం, శుభ్రమైన కర్మాగారం అయినా లాభం లేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010-12 మధ్య పరీక్షించిన 196 పచ్చి పెంపుడు జంతు ఆహార నమూనాల్లో 15 చోట్ల సాల్మొనెల్లా, 32 చోట్ల లిస్టీరియా మోనోసైటోజెనెస్ దొరికాయి. ఫ్రీజర్‌లో పెట్టాం కదా అంటారు. గడ్డకట్టిన మాంసంలో బ్యాక్టీరియా నిద్రపోతుందే కానీ చావదు.

2025 మొదట్లో మన రాష్ట్రంలో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లు గుట్టలుగా చచ్చాయి. ఆ మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఆ వైరస్‌తో చనిపోయింది. పాప పచ్చి చికెన్ ముక్క తిన్నదని కుటుంబం చెప్పింది. అంతకు కొన్ని నెలల ముందే అమెరికాలో ఈ వైరస్ ఉన్న పచ్చి తిండి తిని పిల్లి చనిపోయింది. పచ్చి కోడిమాంసాన్ని ఇంట్లో గిన్నెల మధ్య, పిల్లల మధ్య తిప్పడం నాకు భయం.

పొట్లం విప్పితే

ఎండబెట్టిన తిండికి, మామూలు బిస్కెట్ గింజల తిండికి తేడా ఉంది. గింజల్ని పిండిలా కలిపి ఎక్కువ వేడి, ఒత్తిడితో యంత్రంలోంచి తోస్తారు. ఎండబెట్టిన దానిలో సన్నటి వేడి మీద నీళ్లు లాగేస్తారు. ఫ్రీజ్ డ్రై అంటే గడ్డకట్టించి, గాలి తీసేసిన అరలో మంచును ఆవిరిగా పోనివ్వడం. పోషకాలు నిలుస్తాయని ఈ పద్ధతుల్ని పొగుడుతారు, అది కొంతవరకు నిజమే. కానీ సన్నటి వేడిలో బ్యాక్టీరియా అంతా చస్తుందన్న హామీ లేదు. ఎండబెట్టేముందు ఉడికించారా లేదా అన్నది పొట్లం మీద వెతకండి. అది రాయకపోతే దాన్ని పచ్చి మాంసంగానే ఎంచండి.

ప్రోటీన్ అంకె దగ్గరా మోసపోతాం. పొట్లం మీద 30 శాతం, పచ్చి చికెన్‌లో 20 శాతం అని చూసి పొట్లమే గొప్పదనుకుంటాం. చికెన్‌లో ముప్పాతిక వంతు నీళ్లే. నీళ్లు తీసి చూస్తే చికెన్‌లో ప్రోటీన్ 80 శాతం, పొట్లంలో 33 శాతం దగ్గర ఉంటుంది. ఇరవై కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు వెయ్యి కిలోకేలరీలు కావాలి. గ్రాముకు నాలుగు కిలోకేలరీలు ఇచ్చే పొట్లమైతే రోజుకు పావు కిలో, నెలకు ఏడున్నర కిలోలు. ధర చూసి కొనేముందు ఈ లెక్క వేసుకోవాలి.

పొట్లానికి ఒక గొప్ప మేలుంది, అది కుక్కపిల్ల ఉన్నప్పుడు తెలుస్తుంది. మా ఇంటికి తెచ్చిన పిల్లకు ముద్దుకొద్దీ నేను చికెన్ తప్ప ఇంకేదీ పెట్టలేదు. మూడో నెలకు దాని ముందుకాళ్లు విల్లులా వంగాయి. ఎత్తితే నొప్పికి అరిచేది. కండలో కాల్షియం కంటే భాస్వరం పదిహేను, ఇరవై రెట్లు ఎక్కువ. కాల్షియం చాలక శరీరం తన ఎముకలనే కరిగించుకుంటుందని డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. ఆ కాళ్లు మళ్లీ పూర్తిగా సరికాలేదు. అందుకే ఎదిగే పిల్లలకు, పిల్లల వయసుకు సంపూర్ణ ఆహారం అని రాసి ఉన్న పొట్లమే పెట్టండంటాను. 'ట్రీట్', 'టాపర్' అని రాసినవి పూట తిండి కావు.

పెద్ద కుక్కకు ఇంటి వంట చాలు, కానీ తోచినట్టు వండితే చాలదు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 200 ఇంటి వంటకాల్ని పరీక్షిస్తే, 95 శాతంలో కనీసం ఒక ముఖ్య పోషకం తక్కువైంది. ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేకుండా ఉడికించిన మాంసం, కొంచెం కార్జం, మెత్తటి జొన్న లేదా కొర్ర అన్నం, గుమ్మడికాయ: ఇది మంచి పునాది. ఉడికిన ఎముక పుల్లల్లా చీలి పేగును గుచ్చుతుంది, దాన్ని తీసేయాలి. ఎముక బదులు కాల్షియం కావాలి. మెత్తగా నూరిన కోడిగుడ్డు డొల్లలో సుమారు రెండు గ్రాములుంటుంది, ఇరవై కిలోల కుక్కకు రోజుకు అర డొల్ల సరిపోతుంది. జింకు, అయోడిన్, విటమిన్ డి మాత్రం ఇంటి గిన్నెలో సులభంగా దొరకవు. వాటికోసం పశువైద్యుణ్ణి అడిగి పొడి కలపాలి. ఆళ్లగడ్డ వాళ్లకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దూరం కాదు.

అంగళ్ల వాళ్లకు, కాపరులకు, జాతరలో పొట్టేలు కోసే ఇళ్లకు ఒక మనవి. బుడ్డలున్న కార్జం, ఊపిరితిత్తులు కుక్క ముందు వేయకండి. కాల్చేయండి, లేదా కుక్క తవ్వలేనంత లోతుగా పూడ్చండి. పెంచే కుక్కకు, మంద కుక్కకు ఏడాదికి కనీసం నాలుగుసార్లు బద్దెపురుగును చంపే ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయించండి. ఈ ఏడాది నాలుగు తేదీలు ఈరోజే క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.